విషం ఆముదంలో కాదు, పిండిలో

సంపాదకులకు,

అయ్యా,

ఆముదం పంట గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వార్తకు ‘ఆముదంలో ప్రాణాంతక విషం’ అని శీర్షిక పెట్టారు. గింజలో విషం ఉన్న మాట నిజమే. అయితే రైసిన్ అనే ఆ ప్రోటీన్ నీటిలో కరుగుతుంది గాని నూనెలో కరగదు కనుక, గింజలను గానుగ ఆడినప్పుడు నూనెతో పోకుండా, నూనె తీశాక మిగిలే పిండిలోనే ఉండిపోతుంది.

రైసిన్‌లో అమైనో ఆమ్లాలనే ప్రోటీన్ ముక్కలతో అల్లిన రెండు గొలుసులు ఒకే ఒక గంధకపు బంధంతో ముడిపడి ఉంటాయి. ‘ఎ’ గొలుసు ఒక ఎంజైము. కణంలో ప్రోటీన్లు తయారయ్యే చోటైన రైబోసోములోని ఆర్‌ఎన్‌ఏ అణువు నుంచి ఎడినిన్ అనే చిన్న ముక్కను ఒక్కదాన్ని ఊడదీసి, కణం ఇక ప్రోటీన్లు తయారుచేసుకోలేకుండా చేస్తుంది. ఇలాంటి ఎంజైములు గోధుమ, బార్లీ గింజల్లోనూ ఉన్నాయి. వాటినెవరూ విషగింజలనరు, ఎందుకంటే ఆ ఎంజైములకు ‘బి’ గొలుసు లేదు.

అసలు కిటుకంతా ఈ ‘బి’ గొలుసులోనే ఉంది. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1987లో ఎక్స్-కిరణాలతో రైసిన్ నిర్మాణాన్ని వెల్లడించారు. 262 అమైనో ఆమ్లాల ఈ గొలుసు ఒకదానినొకటి పోలిన రెండు భాగాలుగా ముడుచుకుని ఉంటుంది. ఎండిన ఆముదపు కాయను వేళ్లతో నలిపితే మూడు అరలుగా విడిపోయి, ఒక్కో అరలో ఒక్కో గింజ కనిపిస్తుంది కదా. ‘బి’ గొలుసులోని ప్రతి భాగమూ అలాగే నడిమి ఇరుసు చుట్టూ మూడు మడతలు పేర్చినట్టుంటుంది. మొత్తం ఆరు మడతల్లో ప్రధానంగా రెండే కణం పైపొర మీది గెలాక్టోజ్ చక్కెరను పట్టుకుంటాయి. ఆ పట్టు దొరికితే చాలు, కణం తానే రైసిన్‌ను లోపలికి తీసుకుంటుంది.

మా అమ్మమ్మ గింజలను వేయించి, దంచి, నీళ్లలో మరిగించి, పైకి తేలిన వంటాముదాన్ని గరిటెతో తీసేది. ఆ వేడికి ఈ మడతలు విడిపోయి విషం విరుగుతుందని ఆమెకు తెలియదు గాని, పద్ధతి మాత్రం సరైనదే. అంతమాత్రాన కాస్త వేడిచేసిన పిండిని పశువులకు పెట్టవచ్చని కాదు. విషం పూర్తిగా విరిగిందో లేదో కంటికి కనిపించదు.

కనుక ఇకమీదట ఇటువంటి వార్తల్లో ‘ఆముదపు పిండి’ అని స్పష్టంగా రాయాలనీ, ఎరువు కోసం తెచ్చిన పిండి బస్తాలను పశువుల కొట్టానికి దూరంగా ఉంచుకోవాలని రైతులకు అదే వార్తలో చెప్పాలనీ మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు,
మహబూబ్‌నగర్