అన్నదమ్ముల సినిమాకూ కాగితం కావాలి

సంపాదకులు గారికి,

నెల్లూరు, ఒంగోలు వైపు అన్నదమ్ములో అక్కాతమ్ముళ్లో సొంత డబ్బుతో సినిమా తీస్తున్నారంటే, ఏ కెమెరాతో తీస్తున్నారనే అందరూ అడుగుతారు. కాగితం రాసుకున్నారా అని అడిగేవాళ్లు లేరు. ఒకే ఇంటివాళ్ల మధ్య రాతకోతలేమిటన్న మొహమాటమే తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద మొదటి హక్కు నిర్మాతది, దర్శకుడిది కాదు. అన్న ఒక్కడే నిర్మాతయితే, కథ రాసి డైరెక్షన్ చేసిన తమ్ముడికి తన రాత మీద హక్కుంటుందేమో గానీ పూర్తయిన సినిమాను అమ్మే హక్కుండదు. ఇద్దరూ భాగస్వాములై వాటాలు రాసుకోకపోతే, 1932 భాగస్వామ్య చట్టం లాభనష్టాలను సరిసమానం చేస్తుంది. ఒకరు పొలం తాకట్టు పెట్టి మూడొంతులు తెచ్చినా అంతే. అందుకని ఎవరి డబ్బెంత, టైటిల్స్‌లో ఎవరి పేరెక్కడ, మాట కుదరనప్పుడు ఆఖరి నిర్ణయం ఎవరిది అన్నవి షూటింగ్‌కు ముందే స్టాంపు కాగితం మీదికి రావాలి. పేర్ల సంగతి చిన్నదేం కాదు. హాలీవుడ్ దర్శకులైన కోయెన్ సోదరులు మొదటి నుంచీ కలిసే తీసినా, దర్శకులుగా ఇద్దరి పేర్లూ తెర మీద పడింది 2004లోనే.

సెట్లో నటులతో ఒక్కరే మాట్లాడాలి. ఇద్దరూ రెండు రకాలుగా చెబితే ఆ పూట షూటింగ్ పోయినట్టే. ఒకరు డైరెక్షన్, ఒకరు కెమెరా పంచుకున్నాక ఎవరికీ చెందకుండా మిగిలేది సౌండ్. దానికి మూడో మనిషిని పెట్టుకోండి, చెవులకు హెడ్‌ఫోన్ తీయకుండా కూర్చునే మనిషిని. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో మధ్యాహ్నానికి సముద్రపు గాలి పెరుగుతుంది. మైకుకు బొచ్చు తొడుగు వేసి, మాటల సీన్లు పొద్దున్నే ముగించాలి. లొకేషన్ వదిలేముందు అందరూ మాటలాపి ఒక నిమిషం ఉత్త నిశ్శబ్దం రికార్డు చేసుకోవాలి. ఎడిటింగ్‌లో డైలాగుల మధ్య ఖాళీలు పూడ్చేది అదే. ఫోన్‌తో తీస్తే ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలు తీస్తుందన్న లెక్క) స్థిరంగా ఉంచే యాప్ వాడాలి, లేకుంటే విడిగా తీసిన సౌండ్ పోనుపోను పెదవులకు తప్పుతుంది.

ఒకే ఇల్లు కాబట్టి తీసిన సినిమాను దాచిన రెండు హార్డ్‌డిస్కులూ ఒకే బీరువాలో చేరతాయి. మూడో కాపీ వేరే ఇంట్లో ఉండాలి.

ఓటీటీకి హక్కులు రాసిచ్చేటప్పుడు గడువు వేయకపోతే చట్టం అయిదేళ్లుగా, ప్రాంతం వేయకపోతే భారతదేశం వరకేగా లెక్కిస్తుంది. ఆ రెండు గడులూ నింపకుండా ఇద్దరిలో ఎవరూ సంతకం పెట్టవద్దు.

ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా