ఆపరేటర్ అలసటనూ లెక్కించాలి

సంపాదకులకు నమస్కారం. రాడార్ తెర ముందు ఏళ్ల తరబడి డ్యూటీ చేసినవాణ్ణి. ఆటోమేషన్ వస్తే సైనిక సిబ్బందికి పని తేలికవుతుందని చాలామంది తేల్చేస్తున్నారు. కానీ యంత్రాన్ని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో చూడండి. 2003 మార్చిలో, ఇరాక్ యుద్ధంలో, అమెరికా పేట్రియాట్ క్షిపణి రక్షణ వ్యవస్థ బ్రిటన్ టోర్నడో విమానాన్ని శత్రు క్షిపణిగా గుర్తించింది. సిబ్బంది ఆ మాట నమ్మి పేల్చారు. విమానంలోని ఇద్దరూ చనిపోయారు.

అందుకే కొత్త వ్యవస్థను పరీక్షించేటప్పుడు కంప్యూటర్‌లో ఆపరేటర్ నమూనానూ, అంటే మనిషి తీరును అనుకరించే ప్రోగ్రామునూ, నడిపి చూడాలి. కానీ ఆ నమూనా అలుపెరగని మనిషైతే దండగే. రాత్రి షిఫ్టు చివర్లో తెరమీద చుక్క కదులుతున్నా కంటికి ఆనదు. గంటల తరబడి ఏమీ జరగక ఒక్కసారిగా అలారం మోగితే ఏ బటన్ మీద చెయ్యి పడుతుందో! ఆ టెన్షన్, యంత్రం మీద ఆ గుడ్డినమ్మకం అందులో ఉండాలి. ఆ ఫలితాలను అసలు సిబ్బంది పనితీరుతో సరిచూశాకే కొత్త వ్యవస్థను సైనిక యూనిట్లకు పంపాలి.

– ఒక విశ్రాంత రాడార్ ఆపరేటర్