తెలుగు ఈబుక్కుకు పాత ఫాంటే అడ్డు

సంపాదకులు గారికి,

నమస్కారం. పుస్తక మహోత్సవం రోజుల్లో ప్రచురణ రంగం మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఫోన్లు, ఈబుక్కులు, ఆన్‌లైన్ అమ్మకాలు వచ్చి అచ్చు పుస్తకాన్ని దెబ్బతీశాయనీ, విజయవాడ ఏలూరు రోడ్డు మీద పుస్తకాల దుకాణాలు పలచబడడానికి అదే కారణమనీ అందులో రాశారు. ఆన్‌లైన్ అమ్మకాల మాట చాలావరకు నిజం. ఈబుక్కుల సంగతి మాత్రం వేరు. విజయవాడలో ముప్ఫై ఏళ్లుగా పుస్తకాలకు డీటీపీ (కంప్యూటరులో అక్షరాలు కూర్చి పేజీలు సిద్ధం చేసే పని) చేస్తూ, ప్రూఫులు దిద్దుతూ బతుకుతున్నవాడిని కనుక, ఆ రెండో విషయం గురించి చెప్పవలసింది ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి పెరిగితే మన్నించండి.

ముందు అమ్మకాల సంగతి. బెంగళూరులో 2007లో ఫ్లిప్‌కార్ట్ పుస్తకాల అమ్మకంతోనే మొదలైంది. ఆ సంస్థకు వచ్చిన తొలి ఆర్డరు మన తెలుగు నేల మీది మహబూబ్‌నగర్ నుంచి. 2013 జూన్‌లో అమెజాన్ మన దేశంలో అంగడి తెరిచింది. అంతకుముందు మాచర్లలోనో వినుకొండలోనో ఉన్న పాఠకుడు ఒక నవల కావాలంటే గుంటూరు బస్సెక్కాలి, లేదా వీపీపీకి (పార్సిలు అందాక డబ్బు కట్టే తపాలా పద్ధతి) కార్డు రాసి పోస్ట్‌మన్ కోసం ఎదురుచూడాలి. ఇప్పుడు ఆ అవస్థ లేదు. హైదరాబాదు కేంద్రంగా వచ్చిన కొత్త ప్రచురణ సంస్థలు పుస్తకం అచ్చుకాక ముందే ఫోనులో ఆర్డర్లు తీసుకుని, ఎన్ని ప్రతులు వేయాలో ఆ లెక్కతో నిర్ణయించుకుంటున్నాయి. ఒకప్పుడు వెయ్యి ప్రతులు వేసి, ఏడు వందలు గదిలో పేర్చి, చెదలకు భయపడుతూ కాపలా కాసిన రచయితల బాధ దగ్గరగా చూసినవాడిగా ఈ మార్పును నేను మనసారా ఆహ్వానిస్తున్నాను.

నష్టం ఎక్కడంటే, వెల మీద. ఆన్‌లైన్‌లో పెద్ద సంస్థ ఇచ్చే తగ్గింపును ఏలూరు రోడ్డులో అద్దె కట్టి, కరెంటు బిల్లు కట్టి, ఒక కుర్రాడికి జీతమిచ్చే దుకాణదారు ఇవ్వలేడు. పాఠకుడు కొట్టుకు వచ్చి, పుస్తకం తిరగేసి, వెల చూసుకుని, ఇంటికి వెళ్లి ఫోనులో కొంటున్నాడు. ఫ్రాన్సులో 1981 నుంచి ఒక చట్టం ఉంది. కొత్త పుస్తకం మీద 5 శాతానికి మించి ఎవరూ తగ్గింపు ఇవ్వకూడదు. 2023 అక్టోబరు నుంచి 35 యూరోల లోపు ఆర్డర్లకు కనీసం 3 యూరోల రవాణా చార్జీ కూడా తీసుకోవాలన్నారు. చిన్న దుకాణం బతకాలని ఒక దేశం అంత పట్టుదలగా చట్టం చేసుకున్నదంటే, పుస్తకాల కొట్టును అది కిరాణా కొట్టుతో కలిపి చూడలేదన్నమాట. మన దగ్గర పోస్టాఫీసు సంగతే ఉదాహరణగా తీసుకోండి. 5 కిలోల పుస్తకాలను 80 రూపాయలకు దేశంలో ఎక్కడికైనా చేర్చే రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఉన్నట్టుండి ఆపేశారు. గగ్గోలు పుట్టాక 2025 మేలో ‘జ్ఞాన్ పోస్ట్’ పేరుతో మరో సేవ తెచ్చారు. దానిలో 300 గ్రాముల పుస్తకానికి 20 రూపాయల నుంచి రేట్లు మొదలవుతాయి. మధ్యలో గడిచిన ఆ కొన్ని నెలల్లో సొంతంగా పుస్తకాలు వేసుకుని సొంతంగా పంపుకునే రచయితలు పడిన ఇబ్బంది మా షాపు బల్ల దగ్గర నేను రోజూ విన్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈబుక్కులు మన అచ్చు పుస్తకాన్ని తినేస్తున్నాయన్న మాటను నేను ఒప్పుకోలేను, ఎందుకంటే తెలుగులో సరైన ఈబుక్కు ఇంకా పూర్తిగా పుట్టనే లేదు. అమెజాన్ సంస్థ ఈబుక్కులు చదివే పరికరం కిండిల్‌ను అమెరికాలో 2007లో విడుదల చేసింది. 2016 డిసెంబరులో మన భాషల పుస్తకాలకు అందులో చోటిస్తూ ఐదు భాషలను ప్రకటించింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల 11 లక్షలు. గుజరాతీవారు ఐదున్నర కోట్లు, మలయాళీలు మూడున్నర కోట్ల లోపు. జనసంఖ్యతోనే నిర్ణయమై ఉంటే మనం ఆ వరుసలో ముందే ఉండాలి. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా మనసు చివుక్కుమంది. అయితే కోపం చల్లారాక నన్ను నేను ఒక ప్రశ్న వేసుకున్నాను. రేపు ఏ సంస్థైనా వచ్చి ‘మీ పుస్తకాల పాఠం ఇవ్వండి, పెడతాం’ అంటే, మన ప్రచురణకర్తల దగ్గర ఇవ్వడానికి ఏముంది?

ఈ ప్రశ్నకు జవాబు మా డీటీపీ గదుల్లో ఉంది. తెలుగులో కంప్యూటరు అక్షరకూర్పు వచ్చిన తొలినాళ్లలో ఒక ఫాంటులో అక్షర రూపాలకు 256 గడులకు మించి ఉండేవి కావు. ఆంగ్లానికి అవి పుష్కలం. గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు ఉన్న మనకు ఏ మూలకూ చాలవు. అందువల్ల ఫాంట్లు తయారు చేసినవాళ్లు అక్షరాలను ముక్కలు చేసి తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, వత్తు మరొక గడిలో పెట్టారు. మేం వాటిని తెర మీద పేర్చేవాళ్లం. కొన్ని ఫాంట్లలో ‘మ’ అనే అక్షరానికి సొంత గడే లేదు. ‘వ’ పక్కన ఒక కొమ్ము ముక్క పెడితే కంటికి ‘మ’ అయ్యేది. ట్రేసింగ్ కాగితం మీదికి వెళ్లి, ప్లేటు ఎక్కి, అచ్చయి వచ్చాక ఏ పాఠకుడికీ తేడా తెలియదు. కంప్యూటరు లెక్కలో మాత్రం ఆ ఫైలులో తెలుగన్నదే లేదు, ఉన్నది ఆంగ్ల, ఐరోపా అక్షరాల వరుస. అందులో ఒక మాటను వెతకలేం. ఫోనులో అక్షరం పెద్దది చేసుకుంటే పేజీకి తగ్గట్టు వరుసలు సర్దుకోవు. చూపు లేనివారికి చదివి వినిపించే యంత్రానికి అది అర్థమే కాదు.

అప్పట్లో అది తప్పనిసరి ఏర్పాటు. ఆ ఫాంట్ల వల్లే సీసపు అక్షరాల నుంచి మనం అంత వేగంగా బయటపడ్డాం, వాటిని తయారు చేసినవారికి నేను రుణపడి ఉన్నాను. కాని 1991 నాటికే యూనికోడ్‌లో, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చి ఏ కంప్యూటరైనా దాన్ని అదే అక్షరంగా గుర్తించేలా చేసిన ఏర్పాటులో, తెలుగుకు చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఆ పద్ధతిలో గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా అందించారు. మేం పేజీలు కూర్చడానికి వాడే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది కూడా 2001లోనే, ఆ తరువాత దాన్ని తయారు చేసిన సంస్థే దాన్ని వదిలేసింది. అయినా ఈ రోజుకీ మన ఊళ్లో చాలా డీటీపీ షాపుల్లో అదే నడుస్తున్నది. చేయి అలవాటు పడింది. పాత ఫాంట్ల వంపులు అందంగా ఉంటాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టాలి. ప్రచురణకర్త ఎప్పుడూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఈ తప్పులో నా వంతు ఉందని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

రెండేళ్ల కిందట గుంటూరు నుంచి ఒక ఆమె మా షాపుకు వచ్చారు. కీర్తిశేషులైన వాళ్ల నాన్నగారి కథల సంపుటి ఉన్న సీడీని గుడ్డలో చుట్టి భద్రంగా తెచ్చారు. “ఇందులో పుస్తకమంతా ఉందండీ, అమెరికాలో ఉన్న మా పిల్లలు ఫోనులో చదువుకునేలా చేసి పెట్టండి” అని అడిగారు. అదృష్టవశాత్తూ సీడీ తెరుచుకుంది. పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రామ్‌తో మార్చి మొదటి పేజీ చూపించాను. ‘మాత్రం’ అన్న ప్రతిచోటా ‘వూత్రం’ అని, ‘సమయం’ అన్నచోట ‘సవుయం’ అని, ‘మనిషి’ అన్నచోట ‘వునిషి’ అని వచ్చింది. ఆమె కాసేపు చూసి “నాన్న ఇలా రాయలేదండీ” అన్నారు. ఆ రెండు వందల చిల్లర పేజీలను అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని నాలుగు ప్రూఫులు చూశాను. నెలన్నర పట్టింది. మొదట టైపు చేయించినప్పటి ఖర్చు కంటే ఎక్కువే అయింది. ఒక కుటుంబం ప్రేమతో ఆ ఖర్చు భరించింది. వందల పుస్తకాలున్న ప్రచురణకర్త ఎలా భరిస్తాడు?

అందుకే మన దగ్గర ఈబుక్కు అంటే ఎక్కువగా పీడీఎఫ్, అంటే అచ్చు పేజీకి తీసిన ఫొటో వంటిది. 2010లో కినిగె అనే వెబ్‌సైటు మొదలై, ప్రపంచంలో ఎక్కడున్న తెలుగువాడైనా డబ్బు చెల్లించి తెలుగు పుస్తకం దింపుకునే వీలు కల్పించినప్పుడు మా వాళ్లందరం సంతోషించాం. ఆ ప్రయత్నం విలువ తక్కువది కాదు. కాని డెమ్మీ సైజు (మామూలు నవల సైజు) పేజీని అరచేతిలోని తెర మీద అటూ ఇటూ జరుపుకుంటూ మూడు వందల పేజీల నవల చదవడం ఎంత ఓపిక ఉన్నవారికైనా కష్టమే. కొన్నాళ్లకు అదే పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపుల్లో ఉచితంగా తిరుగుతుంది. రచయితకు రాయల్టీ రాదు, ప్రచురణకర్త ‘ఈబుక్కు జోలికి వెళ్లకూడదు’ అని తీర్మానించుకుంటాడు. పన్ను కూడా దీనికి తోడయింది. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. దాని ఈబుక్కుకు మాత్రం 2018లో తగ్గించిన తరువాత కూడా 5 శాతం ఉంది, అచ్చులో రాని ఈబుక్కు అయితే 18 శాతం.

తెలుగువాళ్లు తెర మీద చదవరన్న మాట కూడా సరికాదు. ప్రతిలిపి వంటి యాప్‌లలో మన ఆడపిల్లలు, గృహిణులు సీరియల్ కథలు రాస్తున్నారు, వాటిని ఎదురుచూసి చదివేవాళ్లూ ఉన్నారు. అవన్నీ ఫోనులో నేరుగా యూనికోడ్‌లో టైపు చేసినవే. అంటే కొత్తగా రాసేవాళ్ల అక్షరం తెర మీద హాయిగా నడుస్తున్నది. నలభై, యాభై ఏళ్లుగా మన ఊరి ప్రెస్సుల్లో అచ్చయిన సాహిత్యం, చరిత్ర, శాస్త్ర గ్రంథాలే ఆ తెర దాకా రాలేకపోతున్నాయి. పదిహేనేళ్ల పిల్లవాడికి తన ఫోనులో దొరికేదే తెలుగు సాహిత్యమనిపిస్తే తప్పు వాడిది కాదు.

నేను కోరేది పెద్ద పథకం కాదు. ఇక మీదట వేసే ప్రతి పుస్తకాన్నీ యూనికోడ్‌లోనే కూర్చాలని, ప్రూఫులన్నీ ముగిశాక ఆ తుది పాఠం రచయిత దగ్గర ఒకటి, తమ దగ్గర ఒకటి ఉంచుకోవాలని విజయవాడ, గుంటూరు ప్రచురణకర్తలు నిర్ణయించుకోవాలి. పేజీలు కూర్చే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ 2012 నుంచే తెలుగును నేరుగా అంగీకరిస్తున్నది కనుక ఇప్పుడు సాంకేతికంగా సాకు లేదు. పాత పుస్తకాల విషయంలో ప్రభుత్వం చేయి కలపాలి. ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసే చట్టం మనకు 1960 నుంచి ఉంది. ఆ డబ్బులో కొంత భాగంతో, కాపీరైటు గడువు తీరిన పుస్తకాలనూ, హక్కుదారులు ఒప్పుకున్న పుస్తకాలనూ మార్పించి, తెలుగు చదివిన నిరుద్యోగ యువతీయువకులకు శిక్షణ ఇచ్చి ప్రూఫులు దిద్దించవచ్చు. యంత్రం ‘వూత్రం’ అని ఇస్తే ‘మాత్రం’ అని దిద్దగల కళ్లు మన జిల్లాల్లో ఇంకా వేల సంఖ్యలో ఉన్నాయి. 1914లో ఇదే బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. ఊరూరా పుస్తకం చేరాలని అప్పుడు వాళ్లు పడిన తపనను తలచుకుంటే, ఇప్పుడు మనం చేయవలసిన పని వాళ్లు చేసినదానిలో నూరో వంతు కూడా కాదు.

నా వంతుగా ఒక మాట. 1996 నుంచి నేను కూర్చిన పుస్తకాల ఫైళ్లు మూడు వందలకు పైగా సీడీల్లో, పాత హార్డ్ డిస్కుల్లో దాచి ఉంచాను. వాటిలో ఇప్పటికే కొన్ని తెరుచుకోవడం లేదు. ఆ పుస్తకాల రచయితలు గానీ, వారి వారసులు గానీ మీ పత్రిక కార్యాలయానికి తెలియజేస్తే, తెరుచుకున్నంత వరకు పైసా తీసుకోకుండా యూనికోడ్‌లోకి మార్చి ఇస్తాను. ప్రూఫు దిద్దుకునే బాధ్యత మాత్రం వాళ్లు తీసుకోవాలి. ఈ వేసవి లోపు వస్తే మంచిది, పాత సీడీలు ఇంకో ఎండాకాలం తట్టుకుంటాయన్న నమ్మకం నాకు లేదు.

ఇట్లు,
ఒక డీటీపీ కార్మికుడు,
గవర్నర్‌పేట, విజయవాడ.