స్తంభాలు బాగున్నాయి, చెయ్యి ఎక్కడ కడుక్కోవాలి?

సంపాదకులకు నమస్కారం,

పోయిన నెల మా అక్క కూతురి పెళ్లి ఊరి బయట కొత్తగా కట్టిన ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. పేరు రాయను, ఎందుకంటే ఇప్పుడు ఏ ఊరెళ్లినా అన్నీ అలాగే ఉంటున్నాయి. డైనింగ్ హాల్లో అడుగు పెట్టగానే అందరం నోరెళ్లబెట్టాం. రోమన్ స్తంభాలు, గోడలకి రాజస్థాన్ కోటల్లో ఉండేలాంటి కిటికీలు, ఫాల్స్ సీలింగ్ నిండా బంగారు రంగు, షాండ్లియర్లు, ఒక గోడంతా కలంకారీ బొమ్మ (దగ్గరికెళ్లి చూస్తే ఫ్లెక్స్). ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి, అబద్ధం చెప్పను.

బంతిలో కూర్చున్నాక తెలిసింది అసలు సంగతి. స్తంభాలు సరిగ్గా వరసల మధ్యే ఉన్నాయి. సాంబారు బకెట్ పట్టుకున్న కుర్రాడు ప్రతిసారీ వాటి చుట్టూ తిరిగి రావాలి, దాంతో మా వరసకి పప్పు వచ్చేసరికి అవతలి వాళ్లు పెరుగన్నంలో ఉన్నారు. కింద గ్రానైట్, గోడలకి అద్దాలు, హాలు మొత్తం మీద ఒక్క కర్టెన్ లేదు, వందల మంది మాటలు గోడలకి కొట్టుకుని తిరిగొస్తుంటే పక్కన కూర్చున్న వదినతో కూడా సైగలే. చేతులు కడుక్కోవాలంటే వెనక వైపు మెట్లు దిగాలి. మోకాళ్ల నొప్పులున్న మా పెద్దమ్మ ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని, తడి గ్రానైట్ మీద ఎక్కడ జారుతానో అని గోడ పట్టుకుని నడిచింది.

నాలుగు దేశాల శైలులు కలపకూడదని నేను అనడం లేదు. హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది కదా. 1884లో పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా మొదలుపెట్టాడు, ఇటాలియన్ పద్ధతి, ఇంగ్లండు పాత ట్యూడర్ పద్ధతి రెండూ కలిపి కట్టారు, తర్వాత ఆరో నిజాం చేతికి వెళ్లింది. అక్కడి భోజనశాలలో బల్ల 108 అడుగుల పొడవు, 101 మంది ఒకేసారి కూర్చోవచ్చు. చెక్కుడు పని చేసిన రోజ్‌వుడ్ కుర్చీలు, వాటికి ఆకుపచ్చ తోలు. దస్తర్‌ఖాన్ (భోజనానికి నేల మీద వేసే గుడ్డ) పరుచుకుని కింద కూర్చుని తినే ఊళ్లో అంత బల్ల వేయడం వింతే, కానీ వేశాక గది మొత్తాన్నీ ఆ బల్లకి తగ్గట్టే నడిపించారు. 2017లో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు విందు పెట్టింది కూడా అక్కడే.

నాకు అంతకన్నా నచ్చేది తమిళనాడులో చెట్టినాడు పద్ధతి. బర్మా, మలయా దేశాల్లో వ్యాపారం చేసి సంపాదించిన చెట్టియార్లు కారైకుడి, కానాడుకాత్తాన్ చుట్టుపక్కల కోటల్లాంటి ఇళ్లు కట్టుకున్నారు. బర్మా టేకు, ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు, ఏవీ వదల్లేదు. నేలకి చాలా చోట్ల పక్క ఊరు ఆత్తంగుడిలో గాజు పలక మీద పోతపోసి చేసిన సిమెంటు టైల్సే, ఎండాకాలంలో కూడా కాలికి చల్లగా తగులుతాయి. ఇంత హంగు చేసి కూడా భోజనాల హాలు దగ్గరకొచ్చేసరికి పొడుగ్గా, ఖాళీగా వదిలేశారు, ఎందుకంటే అక్కడ వరసగా కింద కూర్చుని అరిటాకులో తినాలి, మధ్యలో వడ్డించేవాడు నడవాలి. సామాను ఎక్కడెక్కడిదో అయినా తినే తీరు మాత్రం తమదే ఉంచుకున్నారు.

మనవాళ్లు స్తంభాల కేటలాగుతో మొదలుపెడుతున్నారు, తినేవాళ్ల గురించి అడిగేవాడే లేడు. హాలు కట్టే యజమానులకు నాదొక్కటే మనవి. డిజైనర్‌తో పాటు ఒక వంట మాస్టర్ని, వడ్డించే కుర్రాణ్ణి, వీలైతే డెబ్భై ఏళ్ల మనిషిని కూడా ఆ ఖాళీ స్థలంలో ఒకసారి నడిపించండి, స్తంభం ఎక్కడ వద్దో, కుళాయి ఎక్కడ కావాలో వాళ్లే చెప్తారు. లక్షల్లో అద్దె తీసుకుంటున్నారు, కాస్త గరుకు టైల్స్, నాలుగు కర్టెన్లు భారమేం కాదు.

పెద్దమ్మ ఆ రాత్రి ఇంటికొచ్చి మాగాయతో పెరుగన్నం తిన్నది. ఆల్బమ్‌లో మాత్రం ఆమె వెనక రోమన్ స్తంభం చాలా బాగా పడింది.

- ఒక పాఠకురాలు, తెనాలి