గబ్బిలాల సర్వే చూడకుండా కూల్చివేతకు అనుమతి ఇవ్వకండి

ప్రణాళికా విభాగం అధికారి గారికి,

నమస్కారం. పాత భవనాల కూల్చివేతకు, పెద్ద చెట్ల నరికివేతకు మీరిచ్చే అనుమతుల గురించి రాస్తున్నాను. పగటిపూట ఎవరో వచ్చి, పైకప్పు వైపు ఓసారి చూసి "గబ్బిలాలు లేవు" అని రాసిస్తే దాన్ని సర్వేగా ఒప్పుకోకండి.

బొటనవేలు పట్టే సందు ఉంటే చాలు, చిన్న గబ్బిలం అందులో దూరిపోతుంది. అందుకే నిపుణులు ముందు పగలు రెట్టలు, గోడల మీది మరకలు వెతుకుతారు. తర్వాత చీకటిపడే వేళ కాపు కాసి, బయటికొచ్చేవాటిని లెక్కపెడతారు. చాలా జాతుల అరుపులు 20 కిలోహెర్ట్జ్‌కు పైనే ఉంటాయి, మన చెవికి అందవు. ఆ అరుపులను పట్టే డిటెక్టర్ అనే పరికరంతో రికార్డు చేసి జాతిని గుర్తించాలి. కొన్నింటిని అలా కూడా విడదీయడం కష్టం. పైగా కాలాన్ని బట్టి అవి చోటు మారుస్తాయి. ఒక్క రాత్రి చూస్తే ఏం తెలుస్తుంది?

చాలా జాతుల్లో తల్లి ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. పిల్లలున్న సమయంలో గోడ కూలిస్తే ఆ గుంపు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

ఆలస్యమంటే బిల్డర్లకు టెన్షనే, కాదనను. కానీ డిజైన్ దశలోనే సర్వే అడిగితే పని మధ్యలో ఆగదు. దరఖాస్తుతోపాటే నివేదికను తప్పనిసరి చేయండి. ఎవరు, ఏ తేదీల్లో, ఏ పరికరంతో చూశారో అందులో ఉండాలి. దాన్ని ప్రజలకు అందుబాటులో పెట్టండి.

ఇట్లు,
ఒక పౌరురాలు