ఆగిపోయే మోటారు పక్కన కూర్చోవాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ సలహాల శీర్షికలో ఒక పాఠకుడి ప్రశ్న వచ్చింది. పడవ వెనక బిగించిన మోటారు వేగంగా పోయేటప్పుడు పది నిమిషాలకొకసారి ఆగిపోతోందనీ, పెట్రోలు ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తీసి పెట్టాక తాడు లాగితే మళ్లీ అందుకుంటోందనీ ఆయన రాశారు. మీ సలహాదారు మూడు వాక్యాల్లో తేల్చేశారు: స్పార్క్ ప్లగ్గులు మార్చండి, తగ్గకపోతే కార్బురేటర్ విప్పించి కడిగించండి, అప్పటికీ ఆగితే ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ మార్చండి. ఈ మూడూ ఇదే వరుసలో నేను నా మోటారుకు చేయించాను. భాగాలు కొత్తవయ్యాయి, జబ్బు మాత్రం పాతదే మిగిలింది. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగైంది, మన్నించాలి.

నాది 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు. ట్యాంకు విడిగా పడవ అడుగున ఉంటుంది. అక్కడి నుంచి రబ్బరు పైపు, పైపు మధ్యలో పెట్రోలును ముందుకు తోయడానికి చేత్తో నొక్కే రబ్బరు బల్బు, ఆ తర్వాత ఇంజిను. నెమ్మదిగా పోతే గంటసేపైనా పేచీ పెట్టేది కాదు. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ఏడెనిమిది నిమిషాలకు గొంతు సన్నబడేది, రెండుసార్లు దగ్గేది, ఆగిపోయేది. కాసేపు ఊరుకుని తాడు లాగితే ఏమీ ఎరగనట్లు నడిచేది. షెడ్డులో నీళ్ల డ్రమ్ములో ముంచి నడిపితే ఒక్కసారి కూడా ఆగలేదు. వైద్యుడి గుమ్మం తొక్కగానే దగ్గు మాయమయ్యే రోగులు మనకు తెలియనివారు కాదు. డ్రమ్ములో మోటారు లాగవలసిన బరువు లేదు, కనుక అది తాగే పెట్రోలు కూడా కొద్దే. దాహం లేనివాడికి కుండలో నీళ్లు తగ్గిన సంగతి తెలియదు.

మూడు నెలలు ఇలా గడిచాక, పడవల మీదే వయసంతా గడిపిన ఒక పెద్దాయన నా గోడు విని ఒట్టి చేతులతో పడవెక్కారు. ట్యాంకు పక్కన చతికిలబడి, బల్బును అరచేతిలో పట్టుకుని, "నువ్వు పూర్తి వేగంతో పోనివ్వు. ఇంజిను వైపు చూడకు, దారి చూడు" అన్నారు. గొంతు సన్నబడగానే ఆయన బల్బును గబగబా నొక్కారు. చావబోతున్న మోటారు లేచింది. నొక్కడం ఆపితే పడిపోయింది, మళ్లీ నొక్కితే మళ్లీ లేచింది. "కాయిల్ పాడైన ఇంజిన్ను పెట్రోలు తాగించి బతికించగలమా?" అని నన్నే అడిగారు.

ఈ పరీక్షకు కావలసింది ఇద్దరు మనుషులు, మోటారు ఆగిపోయే ముందున్న ఆ పది సెకన్లు. నొక్కినప్పుడు ఇంజిను కోలుకుంటే పెట్రోలు అందడంలో లోపం. నిండుగా ఉన్న బల్బును నొక్కినా లక్ష్యపెట్టకుండా ఆగిపోతే అప్పుడు నిప్పురవ్వను అనుమానించాలి. బల్బు చేతికి ఎలా తగులుతోందన్నది ఇంకా చాలా చెబుతుంది. అది లోపలికి పీల్చుకుపోయి చదునైపోతే అడ్డు బల్బుకు ముందే ఉన్నట్లు, అంటే ట్యాంకు వైపు. గుండ్రంగా నిండుగా ఉండి, నొక్కగానే ఇంజిను లేస్తే అడ్డు బల్బు దాటాక ఉంది. ఎంత నొక్కినా గట్టిపడకుండా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి చొరబడుతోంది, లేదా బల్బు లోపలి కవాటాలు అరిగాయి.

నా బల్బు నిండుగానే ఉంది. ఇంజిను మీది పెట్రోలు పంపులో పలుచని పొర చిరిగినా ఇలాగే అవుతుంది గానీ, పంపు విప్పడం కన్నా పైపు మార్చడం తేలిక కాబట్టి ముందు వేరే పైపు తగిలించాం. ఆ రోజు మోటారు ఒక్కసారి కూడా ఆగలేదు. పాత పైపును కత్తితో నిలువునా చీల్చి చూస్తే, లోపలి పూత పాము కుబుసంలా ఊడి వేలాడుతోంది. ఇంజిను పంపు గట్టిగా పీల్చినప్పుడల్లా ఆ పొర తలుపులా మూసుకునేది. ఇంజిను ఆగగానే పీల్పు పోయి తలుపు తెరుచుకునేది, కార్బురేటర్ గిన్నె మళ్లీ నిండేది, నేను తాడు లాగేవాణ్ణి, అది స్టార్టయ్యేది. పైకి పైపు నున్నగా కొత్తదానిలా ఉంది. పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్న ఈ రోజుల్లో, దానికి తట్టుకునేలా చేయని పాత పైపుల లోపలి పొర ఇలా ఊడిపోవడం వింతేమీ కాదు.

గాలి చొరబడే సంగతి చాలామందిని మోసం చేస్తుంది. పైపు కారడం లేదు కదా, బాగానే ఉందనుకుంటారు. ఇంజిను పీల్చే పైపులో పగులు ఉంటే నడుస్తున్నప్పుడు పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పైపు కొసన ఉండే కనెక్టరులోని చిన్న రబ్బరు రింగు గట్టిపడినా అంతే. ఇంజిను దగ్గరి ఫిల్టరు గిన్నె పారదర్శకంగా ఉంటే నడుస్తుండగా అందులో బుడగలు కనిపిస్తాయి. ఇక నీళ్లు. ఫిల్టరులోనిదీ, ట్యాంకు అడుగుదీ ఒక గాజు సీసాలో పోసి కదపకుండా ఉంచితే నీరు అడుగున గీత కట్టినట్లు నిలుస్తుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు సుమారు అర శాతం నీటిని తనలో కలుపుకుంటుంది. అది దాటితే నీరు ఇథనాల్‌ను వెంటబెట్టుకుని అడుగుకు దిగిపోతుంది. ఇంజిన్‌కు పెట్రోలు పీల్చే గొట్టం కొస ఉండేది కూడా అక్కడే.

మీ సలహాదారు చెప్పిన కార్బురేటర్ వైద్యం అసలు పనికిరాదని నేననను. చోక్ సగం మూస్తే తప్ప నడవని మోటారుకు జెట్లు పూడిపోయి ఉండవచ్చు. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు జిగురుగా మారి ఆ సన్నని రంధ్రాలను మూసేస్తుంది. కాయిల్ కూడా నిజంగానే పాడవుతుంది. వేడెక్కాక నిప్పురవ్వ ఇవ్వడం మానేసి, అరగంట చల్లారాక మళ్లీ ఇచ్చే కాయిళ్లున్నాయి. కానీ దాన్ని పట్టుకోవాలంటే మోటారు ఆగిన వెంటనే, వేడి మీద ఉండగానే టెస్టరు పెట్టి చూడాలి. మర్నాడు షెడ్డులో చల్లని ఇంజిను మీద చూస్తే రవ్వ నీలంగా వెలుగుతుంది, మెకానిక్ బాగుందంటాడు. అలాంటి ఇంజిను సాధారణంగా దగ్గకుండా, స్విచ్చి కట్టేసినట్లు ఒక్కసారిగా ఆగుతుంది. పక్కన కూర్చున్నవాడికి ఆ తేడా వినిపిస్తుంది.

ఆ జవాబు చివర "ఎర్ర తాడు క్లిప్పు అరిగితే దాని వైరు పీకేసి నడపవచ్చు" అన్నారు. నాకు కోపం తెప్పించింది ఈ మాటే. ఆ తాడు ఒక కొస ఇంజిన్ను ఆపే స్విచ్చికి క్లిప్పుతో, రెండో కొస నడిపేవాడి మణికట్టుకో లైఫ్ జాకెట్‌కో ఉంటుంది. మనిషి నీళ్లలో పడితే క్లిప్పు ఊడి ఇంజిను ఆగుతుంది. అది లేకపోతే వదిలేసిన హ్యాండిల్ ఒక పక్కకు తిరిగి, పడవ గుండ్రంగా చుట్టి, పడ్డ మనిషి మీదికే తిరుగుతున్న ఫ్యానుతో వస్తుంది. క్లిప్పు అరిగితే క్లిప్పు మార్చాలి, స్విచ్చి వైరు ఎక్కడ ఒరుసుకుపోయిందో వెతకాలి. ఈ ఒక్క వాక్యాన్ని సవరిస్తూ దయచేసి రేపే ప్రచురించండి, నా ఉత్తరంలో మిగతాది వేయకపోయినా ఫరవాలేదు.

ఇంకొకటి. ఇంజిన్ను చల్లబరిచి దాని వెనక నుంచి సన్నగా చిమ్మే నీటి ధార ఆగిపోయాక మోటారు ఆగితే, పైన చెప్పిన పరీక్షలేవీ చేయకండి, తాడు అసలే లాగకండి. నీటి పంపులోని రబ్బరు రెక్కలు అరిగాయో, నీరు పీల్చే రంధ్రాలకు నాచు పట్టిందో చూసేదాకా అది వేడి ఇంజిను. బలవంతపెడితే పిస్టన్ పట్టేస్తుంది. ఒక్కోసారి ఆ ధార వచ్చే చిన్న రంధ్రంలోనే మట్టి ఇరుక్కుంటుంది, సన్నని తీగతో పొడిస్తే పోతుంది. మోటారు ఆగిపోయాక ఏది విప్పి చూడాలన్నా ముందు లంగరు వేయాలి. ఇంజిను గొడవలో పడి పడవ ఎటు కొట్టుకుపోతోందో చూడనివాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇక ప్రశ్న అడిగిన ఆ పాఠకుడి విషయం. జవాబు ఆయన ఉత్తరంలోనే ఉంది. మూత తీస్తే ఇంజిను అందుకుంటోందని రాశారు కదా! ఇలా విడిగా ఉండే ట్యాంకుల మూత మీద గాలి పోవడానికి చిన్న మర ఉంటుంది. మోసుకుపోయేటప్పుడు పెట్రోలు ఒలకకుండా దాన్ని బిగిస్తాం, పడవలో పెట్టాక విప్పడం మరిచిపోతాం. పెట్రోలు తగ్గుతున్నకొద్దీ లోపలికి గాలి రాక ట్యాంకు దాన్ని వదలదు, బల్బు చదునైపోతుంది, పది నిమిషాల్లో ఇంజిను ఆగుతుంది. మూత తీయగానే గాలి బుస్సున లోపలికి పోతుంది. ఇరవై ఏళ్లుగా పడవ నడుపుతున్న నేను కూడా కిందటి నెలలో ఆ మర మరిచిపోయి, ఒడ్డు కనబడుతుండగా తెడ్డు వేసుకుంటూ వచ్చాను. ఆయన్ను ఆ మర విప్పి మరొకసారి నడిపి చూడమనండి. ఈలోగా కాయిల్ కొనేసి ఉంటే దాని పెట్టె చింపవద్దనండి.

ఇట్లు,
ఒక పాత పడవ యజమాని