ఎర్ర జాబితా రాసేవాళ్ళు పొద్దుగూకే వేళకు రావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మన దేశపు జీవజాతుల్లో ఏవేవి అంతరించే ప్రమాదంలో ఉన్నాయో తేల్చి, 2030 నాటికి జాతీయ ఎర్ర జాబితా సిద్ధం చేస్తామని 2025 అక్టోబరులో అబుదాబిలో జరిగిన ప్రపంచ ప్రకృతి పరిరక్షణ మహాసభలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. దాదాపు 7,000 మొక్కలు, 4,000 జంతువులు అందులోకి వస్తాయట. కలకత్తాలో ఉన్న జంతు సర్వే, వృక్ష సర్వే సంస్థలు ఈ పనిలో ముందుంటాయి. వార్త చదివి ఎంతో సంతోషపడ్డాను. వెంటనే మా పంచాయతీ రిజిస్టరు గుర్తొచ్చి దిగులూ వేసింది. ఆ దిగులు చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

లంకమల అడవి అంచున ఒక పల్లెలో ముప్పై ఏళ్లకు పైగా బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. 1988లో తపాలా శాఖ కలివికోడి అనే పిట్ట బొమ్మతో స్టాంపు వేసింది. కడప హెడ్డాఫీసుకు పనిమీద పోయినప్పుడు నాలుగు కొనుక్కొచ్చి, ఒకటి బల్ల మీద అద్దం కింద పెట్టాను. ఒకరోజు మనియార్డరు డబ్బులకు వచ్చిన గొర్రెల కాపరి వేలిముద్ర వెయ్యబోయి ఆగిపోయాడు. ఇంకు అంటిన బొటనవేలు గాల్లోనే ఉంది, కళ్ళు అద్దం మీదున్నాయి. "ఏం సామీ, ఇది మా కలివికోడి గదా! దీన్ని స్టాంపులో వేసినారా?" అన్నాడు.

నేను పుట్టి పెరిగిందీ ఇక్కడే. చిన్నప్పుడు కలివి పండ్లు తిని పెదాలకు పాలు అంటుకుని ఇంట్లో తిట్లు తిన్నవాణ్ణి. ఆ పొదల పేరు మీదే పిలిచే పిట్ట ఒకటుందని మాత్రం నాకు తెలీదు. ఆయన నిలబడే చెప్పాడు. పగలు పొదకింద నక్కి ఉంటుందట, పక్కనుంచే నడిచిపోయినా కనపడదట. తరిమితే ఎగరదు, పరిగెడుతుంది. కాపరులు జీవాలను దొడ్డికి తోలి, మసక చీకటి పడినాక అది కాసేపు కూస్తుంది, మళ్ళీ నోరెత్తదు. "తీతువు మాదిరి రాత్రంతా అరిచేది కాదు సామీ" అన్నాడు. పక్షుల మీద పరిశోధన చేసేవాళ్ళు తర్వాతెప్పుడో రాసిన సంగతులు చదివితే, ఆయన ఆ పూట చెప్పిన మాటలే అన్నీ.

ఈ పిట్ట కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు రాస్తాను. జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు ద్వారా 1848లో ఇది శాస్త్రానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర కనపడిందే కడసారి అనుకున్నారు. ఎనభై ఆరేళ్లు ఎవరికీ కనపడలేదు కాబట్టి ఇక లేదనే నమ్మారు. అప్పుడు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ గారు వచ్చి, పిట్ట బొమ్మ చేతపట్టుకుని ఊరూరా తిరిగి అడిగారు. 1986 జనవరిలో ఐతన్న అనే ఆయన రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. పాపం ఆ పిట్ట బతకలేదు. కానీ జాతి బతికే ఉందని లోకానికి తెలిసింది. లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల దాకా వచ్చినప్పుడు, దీని కోసమే కాలువను పక్కకు తిప్పాల్సి వచ్చింది. ఇంకో సంగతి. కోలారు బంగారు గనుల ప్రాంతంలో 1917లో ఏరిన ఒక గుడ్డు స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పడి ఉంటే, అది కలివికోడిదేనని 2013లో తేల్చారు. గుడ్డు ఎవరిదో తెలియడానికి తొంభై ఆరేళ్లు పట్టింది!

ఆ ఎనభై ఆరేళ్లూ పిట్ట ఇక్కడే ఉంది. దాన్ని ఎరిగినవాళ్ళూ ఇక్కడే ఉన్నారు. వాళ్ళను అడిగినవాళ్ళే లేరు.

ఇప్పుడు మా రిజిస్టరు సంగతి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఊరివాళ్ళకు తెలిసిన చెట్టూ చేమా, పిట్టా పురుగూ అన్నీ ఊరివాళ్ళను అడిగి అందులో రాయాలి. ఎంత మంచి ఆలోచన! కొన్నేళ్ల కిందట ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు మా ఊరొచ్చి దాన్ని ఒకటిన్నర రోజులో పూర్తి చేశారు. వచ్చింది పగటిపూట, మగవాళ్ళు జీవాల వెంట, ఆడవాళ్ళు కూలికి పోయిన వేళ. రచ్చబండ దగ్గరున్న నలుగురిని అడిగి రాసుకున్నారు. పక్షుల పేజీ నేను స్వయంగా చూశాను. కాకి, పిచ్చుక, నెమలి, కొంగ, గువ్వ, చిలుక. ఆరు పేర్లు, కింద సంతకం, ముద్ర. లంకమల అంచు పల్లె రిజిస్టరులో కలివికోడి లేదు! కాపరి పెద్దాయన ఇల్లు పంచాయతీ ఆఫీసుకు నాలుగో ఇల్లు. ఆ కుర్రాళ్ళను తప్పుపట్టను. వాళ్ళకు ఇచ్చిన టైము అంతే, డబ్బులూ అంతే అయ్యుంటాయి. నా భయమల్లా 11,000 జాతుల లెక్క కూడా ఇలాగే తెమిలిపోతుందేమోనని.

ఎర్ర జాబితా నియమాలు నిజానికి చాలా గట్టివి. ఒక జాతి అంతరించిందని రాయాలంటే, చివరి ప్రాణి కూడా పోయిందనడంలో సబబైన అనుమానం ఏదీ మిగలకూడదు. అది ఉండదగిన ప్రతి చోటా, తగిన కాలంలో, తగిన వేళలో వెతికి ఉండాలి. రాత్రి తిరిగే పిట్టను పగలు వెతికితే అది లెక్కలోకి రాదు. పదేళ్లలో లేదా మూడు తరాల్లో ఎంత తగ్గింది, ఎంత మేర బతుకుతోంది, పిల్లలు పెట్టగల ప్రాణులు ఎన్ని మిగిలాయి అని చూస్తారు. అలాంటివి 50 లోపే ఉంటే అత్యంత ప్రమాదం కిందికి వస్తుంది. అసలు వివరాలే చాలకపోతే 'సమాచారం చాలదు' అనే గడిలో వేస్తారు. ఆ గడిలో పడ్డదానికి ముప్పు లేదని అర్థం కాదని నియమాల్లోనే ఉంది. కానీ ఆఫీసుల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. నిధులు అడిగేటప్పుడు ఆ గడిలోని పేర్లను ఎవరూ చదవరు. మా కొండల్లోని ఎర్రచందనాన్నే చూడండి. 2018లో 'ముప్పుకు దగ్గర' అన్నారు, 2021లో 'అంతరించే ప్రమాదంలో ఉంది' అన్నారు. దేశమంతటికీ తెలిసిన చెట్టే మూడేళ్లలో రెండు మెట్లు అటూ ఇటూ అయితే, పేరు కూడా ఎవరూ వినని మా పొదల్లోని మొక్కల గతి ఏమిటి?

ఈ పొదల గురించి కూడా చెప్పాలి. రెవెన్యూ కాగితాల్లో ఇలాంటి నేల చాలా చోట్ల బంజరు, పోరంబోకు. చూడ్డానికి కంపచెట్లు, గులకరాళ్ళు, మధ్యలో బోసి నేల. కలివికోడికి కావలసింది సరిగ్గా అదే. పొదలు మరీ చిక్కగా ఉంటే పరిగెత్తడానికి చోటుండదు, మరీ పలచబడితే దాక్కోవడానికి నీడుండదు. జీవాల మేత మితిమీరితే నేల బోడి అవుతుంది, మేత పూర్తిగా ఆపేస్తే పొద కమ్ముకుపోతుంది. ఆ మధ్యస్థం ఎక్కడుందో మా కాపరులు ఏళ్ల తరబడి కాళ్ళతో కొలిచినవాళ్ళు. అందుకే వాళ్ళను అడవికి శత్రువుల్లా చూసి గేటు బయట నిలబెడితే నాకు కడుపు మండుతుంది.

2000 తర్వాతి ఏళ్లలో పరిశోధకులు ఇక్కడ చేసిన పని నేను చూశాను. పొదల మధ్య సన్నని పట్టీలుగా మెత్తటి మట్టి పరిచేవాళ్ళు. తెల్లారి వంగి, ఒక్కో అడుగూ చూసేవాళ్ళు. కలివికోడికి ముందు మూడు వేళ్ళే, వెనక వేలుండదు. అలాంటి అడుగులు ఇంకొన్ని పిట్టలకూ ఉంటాయి కాబట్టి కొలతలు తీసి సరిచూసుకునేవాళ్ళు. ఒక్క అడుగు కోసం అంత ఓపిక! ఎర్ర జాబితాకు కావలసింది ఆ ఓపికే.

సంబంధిత అధికారులు మీ పత్రిక చదువుతారనే నమ్మకంతో అడుగుతున్నాను. అడవి అంచు పంచాయతీల రిజిస్టర్లను మళ్ళీ రాయించండి, ఈసారి తెలుగులో, కాపరులనూ వేటగాళ్ళనూ కట్టెలు కొట్టే ఆడవాళ్ళనూ కూర్చోబెట్టుకుని, బొమ్మలు చూపించి, కూతలు వినిపించి. వాళ్ళు చెప్పింది జాతీయ లెక్కకు చేరాలి, ఎవరు చెప్పారో వాళ్ళ పేరుతో సహా చేరాలి. ఏ పొద ఏ జాతికి ఇల్లో తేలాక ఆ సర్వే నంబరు తహసీల్దారు ఆఫీసుకూ వెళ్ళాలి. నేలను బంజరని ఇంకొకరికి రాసిచ్చేది అక్కడే కదా.

ఆ కాపరి పెద్దాయనకు ఇప్పుడు ఎనభై దాటాయి. చూపు మందగించింది, చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. మొన్న విషయం చెబితే, "రమ్మను సామీ, నేను తోలుకపోతా" అన్నాడు. కొండ దాకా ఆటోలో తీసుకెళ్ళే పూచీ నాది. వచ్చేవాళ్ళు సాయంత్రం ఐదింటికల్లా మా ఊళ్ళో దిగితే చాలు, పొద్దుగూకేసరికి పొదల దగ్గరుంటాం.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్రాంచి పోస్టుమాస్టరు,
బద్వేలు ప్రాంతం, కడప జిల్లా